పన్నెండో గ్లాసు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. కేసు కట్టలు నూట ఎనభై ఏడు. చట్టం పుస్తకాలు నలభై ఒకటి. టైపు మిషను ఒకటి. కుర్చీలు మూడు, వాటిలో ఒకటి అప్పటికే విరిగినది. వకీలు గారి భార్య ఫోటో ఒకటి; ఆమెది ఇంకో ఫోటో లేదు. కూతురి పుట్టుక కాగితం ఒకటి. గౌలిపురలో ఆయన ఇంటి ముందుగది కప్పు, మూడు రోజుల ముసురు తర్వాత కూలినప్పుడు మట్టిలో కలిసినవి ఇవి. మనుషులెవరూ పోలేదు. పోవలసిన మనిషి, ఆ గదిలోనే కూర్చునే వకీలు, నలభై ఒక్క రోజుల ముందే పోయాడు.

మిగిలినవి కూడా చెప్పాలి. ఆయన నల్ల గొడుగు, ఒక రేకు డబ్బా, గోడ గూట్లో వరసగా పన్నెండు ఇత్తడి గ్లాసులు. నేను వెళ్లేసరికి గదిలో మోకాలి లోతు మట్టి ఉంది. దూలాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. గ్లాసులు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అంచుదాకా నీళ్లున్నాయి. నీళ్లలో ఒక్క మట్టి రవ్వ లేదు.

"పొద్దుగాల నింపినవా?" అని ఆయన కూతుర్ని అడిగాను.

"లే కాకా. బడికి ఆలస్యమైంది. నిన్నటి నీళ్లు పారబోసి, నింపకుండనే పోయిన."

వాన నీళ్లేమో అనుకున్నాను. కానీ గూటి మీద అడ్డంగా రాతి పలక ఉంది. వేళ్లతో తడిమి చూశాను. పలక కింద పొడిగా ఉంది.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. వాటాలు, వడ్డీలు, స్థలాల కొలతలు నాకు నేనే నేర్చుకున్నాను. పగలు కార్ఖానా స్టోర్సులో ఉద్యోగం. సాయంత్రం ఉప్పుగూడ నుంచి సైకిలు మీద వచ్చి, వకీలు గారి దగ్గరకు వచ్చే కుటుంబాల వాటాలు కట్టిపెట్టేవాణ్ణి. పంతొమ్మిది వందల అరవైల చివర ఆయన దగ్గర చేరాను. నేను మొదటిసారి గడప దాటినప్పటికే ఆ ఇంట్లో ఉయ్యాల ఉంది, ఉయ్యాలలో రెండు నెలల పిల్ల ఉంది. ఆ పిల్లకు ఆరేళ్లప్పుడు ఆయన భార్య పోయింది. తర్వాత పిల్లను ఆయనే పెంచాడు. ఇప్పుడామెకు పంతొమ్మిది, చిన్నపిల్లల బడిలో టీచరు.

గ్లాసులను ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను. ప్రతి పొద్దునా పాత నీళ్లు దానిమ్మ చెట్టుకు పోసి, కొత్తవి పట్టేవాడు. ఎవరికని ఒకసారి అడిగితే "మా పెద్దలకు" అన్నాడు. ఇంకోసారి, దవాఖానకని వెళ్లి తడి తలతో వచ్చి గ్లాసులు నింపుతూ, నాతో కాదు, తనలో తాను అన్నట్టుగా అన్నాడు: "సంతకమైతే అబద్ధం పెట్టిన. నీళ్లన్న నిజంగ పెట్టాలె." నాకు అప్పుడు అర్థం కాలేదు.

కప్పు కూలిన మూడో రోజు ఆయన తమ్ముడు వచ్చాడు. కిరాణా టోకు వ్యాపారి. అన్నదమ్ములు ఎప్పుడో వాటాలు పంచుకున్నారు, ఈ ఇల్లు అన్న వాటా. అన్నకు సంతానం లేదని తేలితే ఇల్లు తమ్ముడికి వస్తుంది. కూతురని తేలితే ఆ పిల్లకు నిలవడానికి చోటు ఉంటుంది. ఆమెకు వేరే చోటు లేదు.

"చూడు భాయ్," అన్నాడాయన, మట్టి మీద చెప్పు ఆనించకుండా గడపలోనే నిలబడి. "మా వదిన కడుపు పండలే. గల్లీ గల్లీ ఎర్కే. ఈ పిల్ల ఎక్కడికెల్లి వచ్చిందో మా అన్న ఎన్నడన్న చెప్పిండా నీకు?"

"బడి రిజిస్టర్ల తండ్రి అని సంతకం ఉన్నది కద."

"సంతకమా!" పెద్దగా నవ్వాడు. "నాకు బాపు ఒక్కడే. మా అన్నకు ఎంతమంది బాపులో పోయి కాట్ల అడుగు. అందరికి కొడుకునని సంతకాలు పెట్టిండు. గసుంటి సంతకాన్ని ఎవడు నమ్ముతడు?"

ఆయన వెళ్లాక రేకు డబ్బా తెరిచాను. దవాఖాన చీటీలు పదకొండు. దిక్కులేని శవాలను అప్పగించినట్టు రాసినవి. పేర్లలో మూడు మతాలున్నాయి. అన్నింటి కింద ఒకటే చేతిరాత: సంబంధం, కొడుకు. రక్తసంబంధం ఉన్నవాళ్లకే శవాన్ని ఇస్తారు. లేకపోతే వైద్య విద్యార్థుల కోతబల్లకు పంపుతారని నాకూ తెలుసు. పదకొండుమందికి ఆయన కొడుకై, మోసుకెళ్లి, దహనమో ఖననమో చేసి, ఇంటికొచ్చి ఒక్కో గ్లాసు పెట్టుకున్నాడు.

చీటీలు పదకొండు. గ్లాసులు పన్నెండు.

తేడా వచ్చిన లెక్కను వదిలేసే అలవాటు నాకు లేదు. చీపురు పుల్లకు గీతలు పెట్టి, పది రోజులు వరసగా సాయంత్రం ఆరింటికి గ్లాసుల్లో నీళ్లు కొలిచాను. పదకొండు గ్లాసుల్లో బియ్యపు గింజంత కూడా తగ్గలేదు. చివరి గ్లాసులో రోజూ సగం పోయేది. ఎండ తగులుతోందేమోనని దాన్ని మధ్యకు జరిపాను. అక్కడా సగమే మిగిలింది.

పుల్ల చేతిలో పట్టుకుని నిలబడిన నన్ను చూసి ఆ పిల్ల నవ్వింది. "ఏంది కాకా, నీళ్లకు గూడ హిసాబేనా? అది నేనే తాగుత. చిన్నప్పటిసంది గంతే. తక్కినయి ముట్టుకుంటే బాపు కొట్టేటోడు. గా ఒక్కటి తాగితే ఏమనకపోయేది. గా నీళ్లు తీయగుంటయ్."

నేనూ నవ్వాను. ఆ పది రోజుల్లో రెండు రోజులు ఆమె బడి పని మీద వేరే ఊళ్లో ఉంది. గ్లాసులు నింపింది నేను, ఇంటికి తాళం వేసింది నేను. ఆ రెండు రోజుల అంకెలు మిగతా ఎనిమిదింటితో సమానంగా ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మరుసటి మధ్యాహ్నం నది ఒడ్డున ఉన్న కాటికి వెళ్లాను. తుంపర పడుతోంది. వకీలు గారి గొడుగే పట్టుకుని వెళ్లాను. గేటు దగ్గర కాటికాపరి కూర్చుని ఉన్నాడు. ముసలివాడు, రెండు కళ్లలోనూ పొరలు. గొడుగు ఆకారం చూసి లేచాడు.

"దా, వకీల్ సాబ్. ఇప్పుడు ఏ బాపు పోయిండు?"

"నేను వకీల్ సాబ్‌ను కాదు. ఆయనే పోయిండు. యాభై రోజులు దాటింది."

గేటు కమ్మీ పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. "ఎవరు సంతకం పెట్టిండ్రు ఆయనకు?"

"తమ్ముడు. వేరే కాట్ల."

"మరి నిన్న గొడుగు వట్టుకొని గిక్కడ నిలవడ్డది ఎవరు? దా సాబ్ అంటే పలుకలే."

చూపు సరిగా ఆనని మనిషి మాట అనుకున్నాను. నిన్నంతా ఆ గొడుగు మా ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది.

ఆ పిల్ల పుట్టిన ఏడాది, పంతొమ్మిదేళ్ల కిందటి రిజిస్టరు అడిగాను. ఏ పుటలో ఉందో తెలియదు కాబట్టి మొదటి నుంచి తిప్పాను. ఆ పిల్ల పుట్టినరోజుకు మరునాటి తేదీ కింద దొరికింది. పేరు: తెలియదు. ఆడ. వయసు: ఇరవై ఉండవచ్చు. సంబంధం: అన్న. కింద అదే చేతిరాత. చెల్లెలి పేరు తెలియని అన్న.

ముసలాయన పుట చూడలేడు. నేను చదివి వినిపిస్తే తల ఊపాడు. "యాదికున్నది సారూ. దవాఖానల కాన్పై, పాణం పోయింది. ఎవ్వరు రాలే. శవాన్ని, పసిదాన్ని, ఇద్దరినీ ఒక్క సంతకం మీద తెచ్చిండు. మంట అంటుకునేదాంక పిల్లను నా పెండ్లామే ఎత్తుకున్నది. ఏడ్వలే సారూ ఆ పిల్ల. మంట దిక్కే చూసుకుంట ఉన్నది."

ఆ పుట ప్రకారం వకీలు గారు ఆమెకు మేనమామ. బడి రిజిస్టరు ప్రకారం తండ్రి. వారసత్వ పత్రం కోసం ఆఫీసువాళ్లు అడిగింది, పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఒక మనిషి ప్రమాణం. అలాంటి మనిషి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నేను చూసేనాటికి పిల్లకు రెండు నెలలు.

ప్రమాణ పత్రం నా చేత్తోనే రాశాను. "ఆమెను పుట్టిన నాటి నుంచి ఎరుగుదును. వారికి ఒక్కతే కూతురు." సంతకం పెడుతుంటే చెయ్యి తడిగా అనిపించింది. పైకి చూశాను, కప్పు బాగానే ఉంది. తెలిసి తప్పు అంకె వేయడం నాకు అదే మొదలు. తప్పు రెండు నెలలు.

ఆఫీసు మెట్ల మీద తమ్ముడు నన్ను ఆపాడు. "లెక్కల మనిషివి. నువ్వు గూడ గిట్ల రాస్తివా?"

"లెక్క సరిగ్గనే ఉన్నది, భాయ్. ఒక్కతే."

ఆయన నా ముఖం చాలాసేపు చూసి, గొడుగు వైపు చూసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఇంటి గురించి అడగలేదు.

పత్రం వచ్చింది. ముందుగది మీద రేకులు వేయించాం. రేకు డబ్బా ఆమె చేతికిచ్చాను. పదకొండు చీటీలూ చదివింది, ఏడ్చింది, పేర్లు నోటికి నేర్చుకుంది. ఇప్పుడు నీళ్లు పట్టేటప్పుడు ఒక్కో గ్లాసుకు ఒక్కో పేరు చెబుతుంది. చివర తండ్రికి కొత్త గ్లాసు ఒకటి పెట్టింది. పన్నెండోదాని దగ్గర మాత్రం ఆగుతుంది.

"ఇది ఎవరిది కాకా? దొరికిందా?"

"ఎతుకుతున్న బిడ్డా."

వెతుకుతున్న మాట అబద్ధం కాదు. దవాఖాన పాత పుస్తకాలు మూడుసార్లు తిరగేయించాను, పేరు లేదు. దొరికితే చెబుతానా అంటే, అదీ తెలియదు. ఆమె తల ఊపి, ఆ గ్లాసు ఎత్తి సగం తాగి, మళ్లీ గూట్లో పెడుతుంది.

గ్లాసులు పదమూడు. పేర్లు పన్నెండు. బాకీ ఒకటి.