సీమ స్ప్రింగు

ఏ యంత్రం చెడినా "ఒరిజినల్ పార్టే వెయ్యాలండీ" అని మెకానిక్కు నెత్తినెక్కి కూర్చునే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది దేనితో చేస్తారో, ఎందుకు విరుగుతుందో ఒక్కడికీ తెలియదు. పెట్టె మీది అచ్చు చూసి మురిసిపోవడమే. ఈ జబ్బు కొత్తదేం కాదు. పంతొమ్మిది వందల ముప్ఫైలలో దాని పేరు 'సీమ'. ఇంగ్లండు నుంచి ఓడ దిగినదైతే చాలు, దానికి పట్టిన తుప్పు కూడా గొప్పదే.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు గుమాస్తాని. బడి మొహం చూసింది మూడేళ్ళు. ఇంగ్లీషు నేర్చుకున్నది మా యజమాని మద్రాసు నుంచి తెప్పించుకున్న తుపాకుల కేటలాగులో. పండ్ల పేర్లకంటే ముందు నాకు తుపాకీ భాగాల పేర్లు వచ్చాయి.

యజమానికి లైసెన్సు రివాల్వరు ఉండేది. దొంగల భయంతో కాదు, నలుగురూ చూడాలని. భోజనానికి కూర్చుంటే విస్తరి పక్కన పెట్టుకునేవాడు. కొల్లేటికి వేటకు పోయి, దోనెలో నిలబడి, దానితోనే బాతుల్ని కొట్టబోయేవాడు! బాతులు లక్ష్యపెట్టేవి కావు. దోనె నడిపేవాళ్ళు మాత్రం తలలు దించుకుని దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు.

ఒక చలికాలం దాని లోపలి స్ప్రింగు విరిగింది. తూటాను పేల్చే సుత్తిని ముందుకు తన్నే ఉక్కుబద్ద అది. మద్రాసు కంపెనీకి రాస్తే, సీమ నుంచి రావడానికి ఆర్నెల్లు పడుతుందన్నారు. పది రోజుల్లో వేటకు అతిథులొస్తున్నారు, వాళ్ళలో ఒక ఆఫీసరు కూడా. ఇద్దరం రైలెక్కి ఏలూరు వెళ్ళాం.

అక్కడ తుపాకులు బాగుచేసే ముస్లిం మేస్త్రీ ఉండేవాడు. తాతల నాటి పని. విరిగిన అంచును వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఉక్కు మంచిదేనండి. గట్టితనం ఎక్కువై విరిగింది. చేసినవాళ్ళు వంగే గుణం ఉంచలేదండి."

"సీమవాళ్ళకి నువ్వు చెప్పేవాడివటోయ్ సాయిబూ?" అన్నాడు యజమాని.

"వాళ్ళకి చెప్పాలంటే ఓడెక్కాలి కదండీ. అందుకని మీకు చెబుతున్నాను."

పాత రంపం ముక్క ఒకటి తీశాడు. కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో రాసి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నసెగ మీద నెమలికంఠం రంగు తేలేదాకా పెట్టాడు. తొందరేం లేదు ఆ చేతుల్లో. నాలుగోనాటికి సుత్తి టక్కున పడింది.

కొల్లేటి మీద మా మహానుభావుడు అతిథులతో అన్నమాట ఇది: "స్ప్రింగు విరిగిందండీ. సీమ నుంచి విమానంలో తెప్పించాను." అందరూ ఆహా అన్నారు. దోనె చివర కూర్చున్న నేనూ నోరు మూసుకున్నాను.

నెల తిరక్కుండా మేస్త్రీ మిల్లుకొచ్చాడు. తుపాకులు బాగుచేసే తన లైసెన్సు తిరగరాయించుకోవాలట. కొత్త రకం ఆయుధాలకు పని చెయ్యగలడని రివాల్వరున్న ఆసామి ఎవరైనా రాసిస్తే సరి, లేకపోతే పాత నాటు తుపాకులకే పరిమితం.

"నాటు తుపాకులు ఇప్పుడు ఎవరు తెస్తున్నారండీ? ఈ కాగితం మీదే మా పొయ్యి" అన్నాడు.

యజమాని నన్ను లోపలికి పిలిచాడు.

"స్ప్రింగు మాట రాయకోయ్."

"అదే కదండీ ఆయన చేసింది?"

"ఆరోజు దోనెలో కూర్చున్న ఆఫీసరే ఈ కాగితం చదివేది. నన్ను అబద్ధాలకోరని రాసిమ్మంటావా?"

అలా అనలేదు గాని రాయవలసింది అదే. నేను రాసింది మాత్రం ఆయన చెప్పిందే: ఇతడు తుపాకులు శుభ్రముగా తుడుచును, నూనె రాయును, నమ్మకస్థుడు. కేటలాగులో నేర్చుకున్న ఇంగ్లీషంతా కుమ్మరించి, తప్పు లేకుండా రాశాను. ఆయన సంతకం గీకాడు.

వరండాలో మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "ఏం రాశారండీ? కాస్త చదివి చెప్పండి."

"రివాల్వరుకు స్ప్రింగు చేసి బిగించెను, సీమ స్ప్రింగుకు ఏమాత్రము తీసిపోదు" అని చదివాను. తడుముకోకుండా చదివాను. ఆయన కాగితం కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. యజమానిని తిట్టడం నాకు అలవాటైపోయింది గాని, ఆ వరండాలో నిలబడ్డ గుమాస్తా అంతకంటే ఏం నయం?

తరవాత మిల్లు పని మీద ఏలూరు వెళ్ళి ఆ కొట్టు ముందు ఆగాను. దాటిపోదామనే అనుకున్నాను, ఆయనే చూశాడు.

"రండి గుమాస్తాగారూ, కూర్చోండి."

ఒళ్ళో ఎవరిదో గొడుగు, చేతిలో దాని ఊచ.

"తుడవడానికి లైసెన్సు దేనికయ్యా, గుడ్డ చాలదా అన్నారండి ఆఫీసరుగారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు." ఊచ చివర వంచి చూసుకున్నాడు. "మీరు చదివింది బాగుందండి. అదే రాసి ఉంటే సరిపోయేది."

"ఇప్పుడు రాసిస్తాను. జరిగింది జరిగినట్టు. నా సంతకంతోనే."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మీకు రివాల్వరు లేదు కదండీ" అని, ఊచ గొడుక్కి తగిలించడంలో పడ్డాడు.