మావయ్య మంచులో తీసిన దారి

మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, పోయారు. పొద్దున్నే నౌపడ దగ్గర ఉప్పు మడులకు వెళ్ళినవారు, కాసేపు గట్టు మీద కూర్చుంటానన్నారట. ఎండెక్కినా లేవలేదు. పక్క మడిలో పనిచేసే ఆవిడ మా వాకిట్లోకి వచ్చి, "ఓలమ్మీ, మీ మావని ఇంటికి తెస్తన్నారు" అని మాత్రం చెప్పింది. ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. ఆయన కోసం పెట్టిన గంజి పొయ్యి మీద ఇంకా ఉడుకుతూనే ఉంది.

నాకు పెద్ద చదువు లేదు. గుర్తున్నది గుర్తున్నట్టు చెబుతాను.

మా ఇళ్ళల్లో కోడలు మావగారి ఎదుట నిలబడదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఇప్పుడు చాలామంది మానేశారు. నాకు సిగ్గెక్కువ, అందుకే ఆ పద్ధతి వదల్లేదు. ఇంట్లోకి వచ్చే ముందు ఆయన గుమ్మం దగ్గర ఒకసారి దగ్గేవారు. నేను పమిట సర్దుకుని తలుపు వెనక్కి జరిగేదాన్ని. నాకు చెప్పవలసిన మాట గోడకు చెప్పేవారు. పాప పుట్టాక ఆయనకు గోడతో పని తప్పింది. "మీ అమ్మకి సెప్పే, గంజిలో ఉప్పెయ్యడం మర్సిపోనాది. ఉప్పు మడోడింట్లో సప్పిడి గంజేటే?" అనేవారు నెలల పిల్లతో. నేను తలుపు వెనక నవ్వు ఆపుకునేదాన్ని.

ఇక్కడికి తిరిగి రాకముందు, అప్పట్లో మేము హిమాచల్‌లో ఒక కొండ ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన అక్కడ గెస్ట్‌హౌస్‌లో వంట చేసేవారు. అత్తయ్య పోయాక మావయ్యను కూడా తీసుకెళ్ళాం. చలికాలంలో గెస్ట్‌హౌస్ మూసేసి, మమ్మల్ని కాపలా ఉంచేవారు. కప్పు మీది సోలార్ ప్యానెళ్ళ మీద మంచు పేరుకోకుండా చూడాలి. ఇంటి నుంచి పైనున్న రోడ్డు దాకా బండి దారి మూసుకుపోకుండా చూడాలి. ఆ పనులు రెండూ మావయ్యే తన మీద వేసుకున్నారు.

మనవైపు తెల్లవారి పట్టే మంచు లాంటిది కాదది. మోకాలి లోతున పడుతుంది. తడిసిందంటే పార ఎత్తలేం. మొదటిసారి పడిన రోజుకి పాప ఇంకా పుట్టలేదు. ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నారు. "రంగొకటే. రుసి నేదు" అని గోడతో చెప్పి లోపలికి వచ్చేశారు.

అక్కడ ఇచ్చిన ఇనుప పార ప్యానెళ్ళ అద్దాన్ని గీస్తుందని ఆయన దాన్ని మూలన పెట్టేశారు. దేవదారు చెక్కకు పొడుగాటి కర్ర బిగించి, మన మడుల్లో ఉప్పు లాగే పలక లాంటిది చేసుకున్నారు. దాని అంచుకు తన పాత పంచె ముక్క చుట్టారు. నిచ్చెన ఎక్కి, కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఉప్పు లాగినట్టే మెల్లగా మంచును తన వైపు లాగేవారు. అంతా తీసేవారు కాదు. "ఓ మూల నల్లగా అవుపిస్తే సాలు. మిగతాది ఎండే తోసెత్తాది" అనేవారు. అలాగే జరిగేది. కాస్త ఎండ తగిలేసరికి మిగిలిన మంచంతా ఒక్కసారిగా జారి పడేది.

దారి దగ్గర మాత్రం ఆయనకు తెలిసిన పనే ఆయన్ని పడేసింది. మొదటి చలికాలం, మడి గట్టున ఉప్పు పోగు పెట్టినట్టు, మంచునంతా దారికి పైవైపు పొందికగా రాశులు పోశారు. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉండేవి. మధ్యాహ్నం ఎండకు అవి కరిగి నీళ్ళు దారి మీదికి పారాయి, పొద్దుటికి గాజులా గడ్డకట్టాయి. ఆయన కాలు జారి మణికట్టు విరిగింది. కట్టుతో కూర్చుని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని, "మనుప్పు ఇలగ కరిగి పారిపోదు, నమ్మకస్తురాలు" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ పల్లం వైపే తోశారు.

మరుసటి చలికాలం పాపకు ఉబ్బసంలా పట్టుకుంది. ఊపిరి తీస్తే పిల్లనగ్రోవిలా చప్పుడు. కింద ఊళ్ళో డాక్టరు ఆవిరి మందు పట్టే మిషను ఇచ్చాడు. అది కరెంటు మీద నడుస్తుంది. మా ఆయన సరుకులకు వెళ్ళిన రోజే మంచు మొదలై, రోడ్డు మూసుకుపోయి, ఆయన కింద చిక్కుకుపోయారు. కరెంటు పోయింది. ప్యానెళ్ళు కప్పబడిపోయి బ్యాటరీ కూడా ఖాళీ అయింది. ఫోను ఆరిపోయింది. తెల్లవారేసరికి పాప పెదాలు నల్లబడుతున్నాయి.

ఆయన గుమ్మం దగ్గర దగ్గలేదు. నేరుగా లోపలికి వచ్చి, పాపను చూసి, నన్ను చూసి, మొదటిసారి నాతోనే మాట్లాడారు.

"నిచ్చిన జారతన్నాది. ఒచ్చి పట్టుకోవాల."

పాపను కంబళిలో చుట్టి గుండెలకు కట్టుకుని వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను. ఆయన పైన పలక లాగుతుంటే మంచు నా తల మీద, భుజాల మీద పడుతోంది. విరిగి అతికిన చేత్తోనే కర్రను గట్టిగా పట్టారు. "మావా, సెయ్యి జాగర్త" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఆయన మరోసారి పలక లాగారు. నల్లటి మూల ఒకటి బయటపడింది. మబ్బు విడిచి కాస్త ఎండ వచ్చింది. కొంతసేపటికి లోపల మిషను గుర్రుమంది.

మందు పట్టాక పాప ఊపిరి కాస్త తేరుకుంది. ఫోను వెలిగాక మా ఆయనతో మాట్లాడాను. రోడ్డు తెరిచారని, జీపు తీసుకుని పైదాకా వస్తానని, ఆసుపత్రికి వెళ్ళాల్సిందేనని, కానీ ఇంటి దాకా బండి దిగదని చెప్పారు. ఆ మాట అయ్యేలోపే మావయ్య దారిలోకి దిగారు. ఎక్కడా ఆగలేదు. ఒక మనిషి పట్టేంత వెడల్పున, రెండు పక్కలా నడుమెత్తు మంచు గోడల మధ్య, రోడ్డు దాకా తోసుకుంటూ వెళ్ళారు. నేను పాపతో వెనకాలే నడిచాను. అప్పటికి మళ్ళీ సన్నగా పడడం మొదలైంది.

జీపు ఎక్కాక మా ఆయన, "నువ్వూ రా నాన్నా, ఒక్కడివీ ఏటి సేస్తావు ఇక్కడ?" అన్నారు.

"నానొచ్చీస్తే దారెవుడు తీస్తాడు? మీరు మళ్ళీ రావాల కదా."

నేను వెనక అద్దం తుడిచి చూశాను. ఆయన మాకేసి చూడడం లేదు. మేము నడిచొచ్చిన దారి అప్పుడే తెల్లబడుతోంది. ఆయన వంగి, రోడ్డు దగ్గర నుంచి ఇంటివైపు, మళ్ళీ మొదటి నుంచి తోయడం మొదలుపెట్టారు.