కంప్యూటర్ తీసేసిన పిల్ల

అరకులోయలో మా మిషన్ ఆసుపత్రికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు ఆ గదిలోకి చెప్పులతో ఎవరినీ రానిచ్చేవారు కాదు. చెప్పుల దుమ్ములోనే వైరస్ ఉంటుందని గుమాస్తాగారి గట్టి నమ్మకం. జ్వరం వచ్చినవాళ్లనైతే గుమ్మం కూడా దాటనిచ్చేవారు కాదు. మలేరియా రోజుల్లో ఆ లెక్కన లోయలో సగం మంది బయటే నిలబడాలి. విశాఖపట్నంలో ఏడాది కంప్యూటర్ కోర్సు చేసి వచ్చినదాన్ని కదా, వైరస్ అంటే ఏమిటో ఆయనకు రెండుసార్లు చెప్పి చూశాను. మూడోసారికి ఒళ్లు మండి మానేశాను.

అవి తొంభైల చివరి రోజులు. ఆసుపత్రివాళ్లు కొండ ఊళ్ల ఆడపిల్లలకు నర్సు శిక్షణ మొదలుపెట్టారు. పదో తరగతి మార్కులను బట్టి సీట్లు. ఆ జాబితా తీసే ప్రోగ్రాం రాయడం నా పని. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు, ప్రోగ్రాం రాసే భాష ఫాక్స్‌ప్రో. కరెంటు పోవడానికి వేళాపాళా ఉండేది కాదు. తిరిగి వచ్చాక ఎక్కడ ఆపారో గుర్తులేక గుమాస్తాగారు ఎక్కించిన దరఖాస్తునే మళ్లీ ఎక్కించేవారు. నంబరూ ఒక్కోసారి తప్పు కొట్టడంతో ఒకే పిల్ల మూడుసార్లు కనబడేది. చెప్పి చెప్పి విసిగిపోయి చివరికి ఒక లైను రాశాను. ఊరు, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ఈ నాలుగూ కలిస్తే మొదటి దరఖాస్తు ఉంచి మిగతావి తీసెయ్యాలి. జాబితా శుభ్రంగా వచ్చింది. ఆ సాయంత్రం నా అంత తెలివైనవాళ్లు లోయలో లేరనుకున్నాను.

మా కొండల్లో చాలా ఊళ్లలో పుట్టిన వారాన్ని బట్టి బిడ్డకు పేరు పెడతారు. ఊరంతటికీ రెండు మూడు ఇంటిపేర్లే. ఇక పుట్టిన తేదీ అంటారా, బడిలో చేర్చేటప్పుడు మాస్టారికి తోచిందే. మా నాన్న కూడా మాస్టారే. ఆయన చేతిమీదుగా ఎంతమంది జూలై ఒకటిన పుట్టారో! ఇవన్నీ నాకు తెలియనివి కావు, ఇక్కడే పుట్టి పెరిగాను. ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

జాబితా గోడకు అంటించిన రోజున ఒక పిల్ల తండ్రిని వెంటబెట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. జాబితాలో ఆమె పేరు ఉంది, ఊరు ఉంది. పక్కనున్న దరఖాస్తు నంబరు మాత్రం అదే ఊరిలో అదే పేరున్న ఇంకో పిల్లది.

"దానికంటే నాకే మార్కులెక్కువ మేడమ్," అంది.

ఆమె నంబరు కొట్టి చూశాను. తెర మీద ఏమీ రాలేదు.

"నీ నంబరు లేదమ్మా. కంప్యూటర్ తీసేసింది."

"ఏటి సూసి తీసేసినాదమ్మా?" అన్నాడు తండ్రి.

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ వేసింది. "అది తప్పు చెయ్యదు" అనేశాను. ఆ వారమే దరఖాస్తు పెట్టిన పిల్లలందరికీ మలేరియా పరీక్ష కోసం రక్తం తీశారు. తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నేను గమనించాను, కానీ ఏమిటని అడగలేదు.

శిక్షణ మొదలైన మూడు నెలలకు, దరఖాస్తులు బీరువాలో సర్దుతుంటే కంప్యూటర్లో ఉన్నవాటికన్నా ఒక కాగితం ఎక్కువ తేలింది. వెతికితే రెండు దరఖాస్తులు పక్కపక్కనే దొరికాయి. ఊరు నుంచి పుట్టిన తేదీ దాకా నాలుగూ ఒకటే, తండ్రుల పేర్లు మాత్రం వేరు. శిక్షణ చూసే సిస్టర్‌గారి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఈ ఏడాది చెయ్యగలిగింది లేదని, వచ్చే ఏడాది మొదటి సీటు ఆ పిల్లదేనని ఉత్తరం రాసిచ్చారు. ఆ రోజు తండ్రీకూతుళ్ల చూపు గుర్తొచ్చి, దాంతోపాటు ఆమె రక్తపరీక్ష కాగితం కూడా పట్టుకుని బస్సెక్కాను. రోడ్డు అయిపోయిన చోట దిగి, కొండెక్కాను.

ఆ పిల్ల వాకిట్లో ఒక్కతే కూర్చుని చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. తల్లి చాప వేసి సంగతంతా చెప్పింది. కంప్యూటర్ మిషను తమ గుంట రక్తంలో ఏదో దోషం చూసిందట. ఊళ్లో పూజలు చేసే దిసారిని పిలిచి కోడిని కోయించారు. రోజూ ఏదో చేదువేరు కషాయం తాగిస్తున్నారు. దోషం పోయేదాకా ఆమె అన్న కొడుకును ముట్టుకోవద్దన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఉత్తరం ఆ పిల్ల చేతిలో పెట్టి, రెండు దరఖాస్తుల సంగతి వివరంగా చెప్పాను. అప్పుడే పొలం నుంచి వచ్చిన తండ్రి ఓపిగ్గా విన్నాడు.

"మీది మంచి మనసమ్మా. మా గుంట బాద పడతాదని ఇంత దూరం వొచ్చినారు."

"అందుకు కాదయ్యా. తప్పు నాది. ఆ లైను రాసింది నేనే."

"మనుసులు తప్పు సేత్తారు. మిసనెందుకు సేత్తాదమ్మా?"

రక్తపరీక్ష కాగితం చూపించాను. ఏ దోషమూ లేదని దాని మీద స్పష్టంగా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది సేత్తో రాసింది కదా," అన్నాడు మెల్లగా.

ఆ పిల్ల ఉత్తరం రెండుసార్లు చదివి మడతపెట్టింది. "వొచ్చే యేడు వత్తాను మేడమ్," అంది. నన్ను ఓదార్చడానికే అందని నాకు తెలుస్తూనే ఉంది.

ఇంతలో ఉయ్యాల్లో బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. ఆ పిల్ల చేట వదిలేసి పరుగున వెళ్లి, ఉయ్యాలకు రెండడుగుల దూరంలో టక్కున ఆగిపోయింది.

"ఎత్తుకో అమ్మా, ఏమీ కాదు," అన్నాను.

ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"వొదినా, బేగి రా! గుంటడు ఏడుస్తన్నాడు," అని కేకేసింది.

వదిన వచ్చి ఎత్తుకునేదాకా వాడు ఏడుస్తూనే ఉన్నాడు.