క్లిఫ్టన్ ఇంటివాళ్లు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు సూర్యాపేటలో ఒక ఇంగ్లీషు దొర దవాఖాన నడిపేవాడు. ఆయన భార్య పక్క గదిలో ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. మా నాన్నను కన్న తాత నన్ను కూడా అక్కడికి పంపాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ గది ఒక్కటి ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

నా బుద్ధి గడ్డి తిని, ఎంత చదువొచ్చిందో తాతకు చూపించబోయాను. దవాఖాన బోర్డు మీద దొర పేరులో మొదటి మాట క్లిఫ్టన్. దొరసాని నాకిచ్చిన పాత పుస్తకంలో పెళ్లికాక ముందు రాసుకున్న ఆమె పేరు ఉంది. అందులో చివరి మాట కూడా క్లిఫ్టనే. రెండూ గట్టిగా చదివి వినిపించాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

తాత చుట్ట పక్కన పెట్టాడు. మనకు ఇంటిపేరు ముందుంటే వాళ్లకు వెనక ఉంటుందని, దొర ఇంటిపేరు వేరని చెప్పి చూశాను.

"ముందుంటే ఏంది, ఎన్కుంటే ఏంది? ఇంటిపేరు ఒక్కటైతే అన్నాచెల్లెండ్లే. గసొంటోళ్ల ఇంట్ల మన పిల్ల సదువుడేంది? రేపటి సంది పోవద్దు" అన్నాడు.

ఇంగ్లీషువాళ్ల రాజ్యం పోయింది గానీ, వాళ్ల వంశాలు సరిదిద్దే భారం మా తాత నెత్తిన పడింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి దొరసాని ముందు ఏడ్చాను. ఆమె మొదట నవ్వింది. తర్వాత వచ్చీరాని తెలుగులో ఓపిగ్గా చెప్పింది. క్లిఫ్టన్ అంటే గట్టు వారన ఉన్న ఊరట. అలాంటి ఊళ్లు వాళ్ల దేశంలో చాలా ఉన్నాయట. ఊరు విడిచి వెళ్లినవాళ్లకు ఆ ఊరే ఇంటిపేరైందట. మనకు తుంగతుర్తివారు ఉన్నట్టే. దొర తల్లి ఒక క్లిఫ్టన్ వాళ్ల ఆడపడుచు. పుట్టింటి పేరు నిలవాలని కొడుక్కి పెట్టుకుంది. దొరసానివాళ్లది వేరే క్లిఫ్టన్. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు.

ఒక్క మాట వదలకుండా తాతకు అప్పజెప్పాను.

"ఊరి పేరే ఇంటిపేరు, ఇంటిపేరే పోరని పేరు. వాళ్లకు పేర్లు గింత కరువొచ్చినయా?" అని చుట్ట ముట్టించాడు. నా చదువు అక్కడితో ఖతం. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

రెండు నెలలకే నాకు పెళ్లి చేశాడు. పెళ్లికొడుకు కోదాడలో ఉండే మా అమ్మ సొంత తమ్ముడు. నాకంటే పదహారేళ్లు పెద్ద. ఇంటిపేరు వేరు గనుక అందులో తాతకు ఏ తప్పూ కనిపించలేదు. పీటల మీద నేను ఏడుస్తుంటే, నన్ను ఎత్తుకు తిరిగిన రోజుల అలవాటు కొద్దీ, మామే నా ముక్కు తుడిచాడు.