తాళం పడిన అంచులు

పోయినవి మొత్తం: చీర అంచుల బొమ్మలు రెండు వందల పన్నెండు, నాలుగేళ్ల బిల్లులు, నా మీద షావుకారుగారికున్న నమ్మకం. ఆ రోజుల్లో నేను గవర్నర్‌పేటలో ఓ చేనేత చీరల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాను. కూడికలు తప్పనివాడికి కంప్యూటర్ ఒక లెక్కా అనుకుని సొంతంగా నేర్చుకున్నాను. (అది మొదటి తప్పు. మొత్తం మూడు.)

రెండోది, ఊరూపేరూ తెలియనివాళ్లు మెయిల్లో పంపిన బిల్లు. మేం పదిహేడు రూపాయలు తక్కువ కట్టామట. నా లెక్కలో తేడానా అని రోషంగా తెరిచాను. కాసేపటికి, నేనేదీ ముట్టుకోకుండానే, తెర మీద అంచులు ఒక్కొక్కటే తెల్లబడసాగాయి. నెమలి పోయింది. రుద్రాక్ష పోయింది. కనపడని మనిషెవరో ఇంట్లో దీపాలు ఆర్పుకుంటూ గదిగదికీ వస్తున్నట్టుంది. వెంటనే వైరు పీకాల్సింది. నేను లెక్కపెడుతూ కూచున్నాను. (నూట ఎనభై దాకా.) ఆఖర్న ఎర్రటి తెర, అందులో వెనక్కి నడిచే గడియారం. డబ్బు కడితేనే తాళం తీస్తారట.

కాపీలు దాచిన డిస్కు ఉందిగా అన్నారు షావుకారుగారు. అదీ పోయింది. ఆయుధపూజ నాడు వాళ్లమ్మగారు కంప్యూటర్‌నీ డిస్కునీ కలిపి పసుపుదారం చుట్టి, "పూజచేసిన జంటను విడదీయకు నాయనా" అన్నారు. ఏడాదిపాటు డిస్కు వైరు తియ్యలేదు; కంప్యూటర్‌కి పడ్డ తాళం దానికీ పడింది. అది మూడోది.

"కడితే ఇస్తారని రసీదేమైనా ఉందటయ్యా?" అని షావుకారుగారు డబ్బు కట్టలేదు. బొమ్మలు గీసిన అసలు కాగితాలను ఎప్పుడో చెదలు తినేశాయి. బొమ్మ లేకపోతే ఆ అంచు ఇక మగ్గమెక్కదు. చివరికి వాటిని గీసిన నేత తాతగారిని పెడన నుంచి పిలిపించాం.

తాతగారు నా ఎదురుగా కూచుని కళ్లు మూసుకున్నారు. వట్టి బల్లమీద వేళ్లు పోగులు ఏరుతున్నాయి. పోగుల్లేవు, మగ్గం లేదు, అయినా నాకు పలకల చప్పుడు వినపడుతున్నట్టే ఉండేది. ఏ గడికి ఎన్ని పోగులో ఆయన అంకెలు చెబుతుంటే నేను గళ్ల కాగితం నింపేవాణ్ణి. నలభై రోజుల్లో రెండు వందల అయిదు. ఆ రోజు వేళ్లు ఆగిపోయాయి.

"ఇంకా ఏడున్నాయి తాతగారూ."

"అవి మా ఆవిడ గీసిన అంచులు బాబూ. నా చేతికి రావు. ఆవిడ పోయాక నెలకోసారొచ్చి నీ తెరమీదే చూసుకునేవాణ్ణి."

ఇప్పుడు డిస్కులు రెండు. కాపీ తీయగానే వైరు పీకి, ఒకటి ఇంటికి పట్టుకుపోతాను. తెలియనివాళ్లు పంపింది ఏదీ తెరవను. ఆనాటి నా ధీమా తలుచుకుంటే నవ్వొస్తుంది. తాతగారికి మాత్రం నేనింకా ఏడు అంచులు బాకీ.