నలభై ఒక్క ‘ఊఁ’లు

ముందు ‘టక్’మని వినపడేది. తెర మీద దూసిన కత్తి గాలిలోనే ఆగిపోయేది. రాలుతున్న పువ్వు నేలకి జానెడు ఎత్తున నిలబడిపోయేది. ఏడవబోతున్నవాడి నోరు సగం తెరుచుకుని అలాగే ఉండిపోయేది. ఆ నిశ్శబ్దంలోకి ఒక గొంతు నింపాదిగా వచ్చేది: “ఇక్కడ నాలుగు పేజీలు మింగేశారు.” గొంతు వెనకాలే చేతిలో చిన్న పుస్తకం, నుదుటి మీదికి ఎక్కించిన కళ్ళజోడుతో మా పాజ్ బాబాయ్ వచ్చేవాడు.

కొందరికి గోళ్ళు కొరికే అలవాటు, కొందరికి కాళ్ళు ఊపే అలవాటు. మా బాబాయ్‌ది ఆపే అలవాటు. జపాను నుంచి వచ్చే బొమ్మల ధారావాహిక, అదే యానిమే, ఏది పెట్టినా సరే, అది ఏ నవలలోంచి పుట్టిందో ఆ నవల ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పుస్తకంలో ఉన్నది తెర మీద లేకపోతే స్పేస్ బార్ మీద ఒక్క దెబ్బ. ఇరవై నాలుగు నిమిషాల ఎపిసోడు ఆయన పక్కన కూర్చుని చూస్తే నాలుగు గంటలు. ఒకసారి మొదటి పాట దాటడానికే ముప్పావుగంట పట్టింది. పాటలో హీరో చొక్కాకి నాలుగు గుండీలున్నాయి, పుస్తకంలో ఐదు.

“గుండీయే కదా బాబాయ్, పోనిద్దురూ!” అన్నాడు సౌండ్ ఇంజనీరు.

“ఆ ఐదోది వాళ్ళమ్మ కుట్టింది. మూడో సంపుటంలో అది ఊడిపోతుంది, వీడు రైలు పట్టాల వెంట వెతుక్కుంటాడు. ఇప్పుడేం ఊడుతుంది? వీళ్ళ మొహం ఊడుతుంది!”

మాది డబ్బింగ్ స్టూడియో. మెట్ల పైన రెండు గదులు, గోడలకి స్పాంజి, కదిలితే కిర్రుమంటుందని కుర్చీ తీసేసిన ఒక చిన్న అద్దాల బూత్. అందులో నిలబడి పరాయి బొమ్మల నోళ్ళలో మన మాటలు పెడతాం. బాబాయ్ పని స్క్రిప్టు సరిచూడటం. మాట అర్థం సరిపోయిందా, బొమ్మ పెదవి మూసేలోపు వాక్యం అయిపోతుందా, ఇవి చూసుకోవాలి. అది గంట పని. మిగతా రోజంతా ఆయన మింగేసిన పేజీలు లెక్కపెట్టేవాడు. ఆయన మాలో ఎవరికీ చుట్టం కాడు. అందుకే అందరికీ బాబాయే.

లైట్ నవలంటే పేరుకే తేలిక. అరచేతిలో పట్టే పుస్తకం, అక్కడక్కడా బొమ్మలు, బస్సులో నిలబడి కూడా చదువుకోవచ్చు. బాగా అమ్ముడుపోయినదాన్ని యానిమే తీస్తారు. మూడు సంపుటాల కథని పన్నెండు ఎపిసోడ్లలో కుక్కుతారు, డబుల్ కాట్ పరుపుని దిండు గలీబులో కుక్కినట్టు. కుట్లు తెగి దూది బయటికొచ్చి గాలికి ఎగిరిపోతుంది. ఎగిరిపోయిన ఆ దూదిని పింజ పింజా ఏరుకునే మనిషి మా బాబాయ్. అలాంటి మనిషి ఉన్న స్టూడియోలో పనిచేశానని నేను ఇప్పటికీ నలుగురిలో తల ఎత్తుకుని చెప్పుకుంటాను.

ఆయన జపాను భాష నేర్చుకున్న వైనం కూడా చెప్పాలి. అప్పటికి ఆయనకి నలభై రెండేళ్ళు. ఏదో యానిమే పన్నెండో ఎపిసోడు చివర హీరో ఒక తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అంతే, అయిపోయింది. రెండో భాగం తియ్యలేదు. ఏడాది చూశాడు, రెండేళ్ళు చూశాడు. వాడి చెయ్యి పిడి మీదే ఉంది. ఇక లాభం లేదని అక్షరమాల నుంచి మొదలుపెట్టి, మూడేళ్ళు కూర్చుని, తలుపు వెనక ఏముందో తెలుసుకోవడానికి ఒక భాష మొత్తం నేర్చుకున్నాడు.

“ఇంతకీ ఏముంది బాబాయ్?”

“ఇంకో తలుపు.”

“అయ్యో!”

“అయ్యో ఏంటే? ఆ తలుపు అద్భుతంగా ఉంటుంది. తొమ్మిది పేజీలు!”

మింగేసిన పేజీల లెక్కల్ని ఆయన స్క్రిప్టు అంచుల్లో పెన్సిలుతో రాసేవాడు. దాంతో ఒకసారి కొంప మునిగింది. మా స్టూడియోలో ప్రతినాయకులకి గొంతిచ్చే అన్నయ్య గొప్ప కళాకారుడు, కళ్ళజోడు మాత్రం ఇంట్లో మర్చిపోయే మనిషి. సింహాసనం మీంచి లేచి, సైన్యం వైపు చెయ్యి చాచి, గోడల స్పాంజి అదిరేలా గర్జించాడు: “ఇక్కడ ఆరు పేజీలు మింగేశారు!” పెదవి సరిగ్గా సరిపోయింది. భావం పండింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఎపిసోడు బయటికి వెళ్ళిపోయింది. ఆ పేజీలు ఏ మంత్రగ్రంథంలోవి, ఎవరు మింగారు అని ప్రేక్షకులు నెలరోజులు వాదించుకున్నారు. డైరెక్టరమ్మ బాబాయ్‌ని పిలిపించింది.

“ఏంటండీ ఇది?”

“తప్పేనమ్మా. ఆరు కాదు, ఏడు. ఆ రోజు తొందరలో ఒకటి వదిలేశాను.”

ఇక నా సంగతి. అప్పటికి ఆరేళ్ళుగా నేను గుంపులో గొంతుని. సంతలో కేకలు, యుద్ధంలో హాహాకారాలు, తరగతి గదిలో వెనకబెంచీ గుసగుసలు. ఆ ఆరేళ్ళలో నాకు దక్కిన అతి పెద్ద డైలాగు “అటు పారిపోయాడు!” దాన్ని మా ఇంట్లో అందరికీ మూడేసి సార్లు వినిపించాను. అలాంటి నాకు ఒకరోజు నాయిక వేషం వచ్చింది. కథ పేరు ‘పాత గడియారాలు బాగుచేసే పిల్ల మా పక్కింట్లో దిగినప్పటినుంచి నేను ఒక్కరోజు కూడా బడికి ఆలస్యంగా వెళ్ళలేదు’. లైట్ నవలల పేర్లు అలాగే ఉంటాయి. మేమందరం ‘గడియారం’ అనేవాళ్ళం. బాబాయ్ మాత్రం ప్రతిసారీ పూర్తి పేరు, మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకుని మరీ, చెప్పేవాడు.

స్క్రిప్టు తెరిచి చూస్తే నాయిక మాట్లాడదు. పక్కింటి కుర్రాడు వాగుతూనే ఉంటాడు, ఆ పిల్ల గడియారం మీదికి వంగి “ఊఁ” అంటుంది. మొదటి నాలుగు ఎపిసోడ్లలో నలభై ఒక్క ఊఁలు. ఆరేళ్ళు ఎదురుచూసి అందుకున్న కిరీటం తిరగేసి చూస్తే లోపల రాళ్ళే లేవు.

సోమవారం మొదటి ఊఁ అన్నాను. అద్దం అవతల డైరెక్టరమ్మ మొహం ముడుచుకుంది.

“ఫోన్లో చిరునామా రాసుకుంటున్నావా?”

రెండోది అన్నాను.

“ఇది పళ్ళ డాక్టరు దగ్గర అనే ఊఁ. ఇంకోటి.”

సాయంత్రానికి ఆవిడ నాలో ఊఁలు పదహారు రకాలు కనిపెట్టింది. ఒక్కటీ ఆ పిల్లది కాదట. మంగళవారం కూడా అంతే. బుధవారం ఆవిడ బూత్ తలుపు తీసి మెల్లగా అంది, “నిన్ను అనడానికేం లేదు. కష్టపడుతున్నావు, చూస్తున్నాను. శుక్రవారం సాయంత్రం నాలుగు ఎపిసోడ్లూ పంపాలి. అప్పటిదాకా రాకపోతే వేరే గొంతు చూస్తాను. సరేనా?”

“ఊఁ” అన్నాను.

“అదిగో, అలా! అది ఎలా అన్నావు?” అందావిడ ఆశగా. మళ్ళీ అనబోతే రాలేదు.

నేను పోయి మెట్ల మీద కూర్చున్నాను. ఆరేళ్ళకి ఒక తలుపు తెరుచుకుంటే లోపలికి అడుగుపెట్టకుండా గుమ్మంలోనే జారిపడుతున్నాను. బాబాయ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన చేతిలో పుస్తకం చూసి నాకు ఒళ్ళు మండింది.

“ఎన్ని పేజీలు మింగారో చెప్పడానికి వచ్చారా?”

“నూట ఎనభై ఆరు.”

“ఏంటి?”

“ఈ కథలో ఒక అధ్యాయం కుర్రాడు చెప్తాడు, ఒకటి ఆ పిల్ల చెప్తుంది. పిల్ల అధ్యాయాలన్నీ యానిమేలో ఎత్తేశారు. మొదటి సంపుటంలోనే నూట ఎనభై ఆరు పేజీలు. బయటికి ఊఁ అంటుందే గానీ లోపల అది పెద్ద వాగుడుకాయ. వాడి జుట్టు మీద మూడు పేజీలు తిట్టింది. వాడి చెప్పుల చప్పుడు బట్టి టైము చెప్పగలదు. వీళ్ళు వాగుడుకాయని తీసుకెళ్ళి షోకేసులో బొమ్మని చేశారు. ఇక నువ్వేం చేస్తావు, షోకేసులో ఉన్నదానికి గొంతు ఎక్కడిది?”

నేను తలెత్తి చూశాను. ఆయన పైకి రమ్మని సైగ చేశాడు. తన బల్ల సొరుగు లాగాడు. లోపల అన్నీ చేతితో కుట్టుకున్న కాగితాల పొత్తాలు. అట్టల మీద పెన్సిలు రాత: ‘రెండో కాపలావాడు’. ‘పూలమ్మే ఆవిడ, మూడో ఎపిసోడు’. ‘బస్సులో తుమ్మిన మనిషి’. యానిమేలో ఒక్క మాటకి కుదించుకుపోయిన వాళ్ళందరి పేజీలనీ ఆయన పుస్తకాల్లోంచి మన భాషలోకి దించి పెట్టాడు. ఒక అట్ట మీద ‘అటు పారిపోయాడు’ అని ఉంది. నా చెయ్యి ఆగిపోయింది.

“ఆవిడ అబద్ధం చెప్తోందే,” అన్నాడు బాబాయ్. “వాడు ఆవిడ బండి కిందే దాక్కున్నాడు. భటుల్ని తప్పుదారి పట్టించడానికి అటు చూపిస్తుంది. పుస్తకంలో రెండు పేజీలు. యానిమేలో బండి లేదు, వాడు లేడు, ఆవిడ చూపుడువేలు మిగిలింది. నువ్వేమో పాపం, నిజంగా పారిపోయాడనుకుని అరిచావు.”

“మరి అప్పుడే చెప్పొచ్చుగా బాబాయ్!”

“చెప్దామనే ఆపాను. మీరందరూ టీకి వెళ్ళిపోయారు.”

ఆయన నిష్ఠూరంగా అనలేదు, గడియారంలో టైము చూసి చెప్పినట్టు అన్నాడు. ఆరేళ్ళుగా ఆ టక్ వినగానే మేము కళ్ళు తిప్పుకుని, నవ్వుకుని, మెట్లు దిగిపోయాం. యానిమే తీసినవాళ్ళతో పేచీ పెట్టుకుంటున్నాడనుకున్నాం. ఆయన ఆపింది చిన్న వేషాలవాళ్ళ కోసం, ఒక్క మాటతో బూత్‌లోకి వెళ్ళి బిక్కమొహంతో బయటికి వచ్చేవాళ్ళ కోసం. నాకు సిగ్గేసింది.

గురువారమంతా ఆయన ఆ పిల్ల అధ్యాయాల్ని గబగబా మన భాషలోకి చెప్తూ పోయాడు, నేను విన్నాను. అన్నీ బుర్రలోకి ఎక్కాయి. శుక్రవారం పొద్దున బూత్‌లోకి వెళ్ళి నిలబడితే మాత్రం ఊఁ మళ్ళీ చిరునామా రాసుకోవడం మొదలుపెట్టింది. మనసులో నూట ఎనభై ఆరు పేజీలు ఒకేసారి తలుపు దగ్గర తోసుకుంటున్నాయి, ఒక్కటీ బయటికి రావడంలేదు.

“చిన్నప్పుడు నీకు కథలెవరు చెప్పేవాళ్ళు?” అని అడిగాడు బాబాయ్ అద్దం అవతలి నుంచి.

“మా పెద్దమ్మ.”

“నువ్వేం చేసేదానివి?”

“ఊఁ కొట్టేదాన్ని.”

“ఊఁ కొట్టకపోతే?”

“నిద్రపోయాననుకుని ఆపేసేది.”

చెప్తూ ఉండగానే నాకు అర్థమైంది. ఆయనకి ముందే అర్థమైనట్టుంది, అక్కడున్న మైకు ముందుకి కుర్చీ లాక్కుంటున్నాడు. “నా గొంతు ఆ అమ్మాయి చెవుల్లోకే వెళ్ళాలి, రికార్డులోకి రాకూడదు. కుదురుతుందా?” అన్నాడు ఇంజనీరుతో.

“కుదురుతుంది. కానీ బాబాయ్, మీకు దణ్ణం పెడతాను, మధ్యలో ఆపకండి. ఈ రోజు మాత్రం ఆపకండి.”

చెవుల్లో బాబాయ్ చదవడం మొదలుపెట్టాడు. తెర మీద కుర్రాడి పెదాలు కదులుతున్నాయి, వాడి మాటలు నాకు వినపడటంలేదు. వాడు వచ్చాడు, చెప్పులు తడిసినట్టున్నాయి, చప్పుడు మెత్తగా ఉంది, నాలుగున్నర అయుంటుంది అని ఆ పిల్ల లోపలి మాట బాబాయ్ గొంతులో వస్తోంది. బొమ్మ పెదవి కదిలింది. ఊఁ అన్నాను, పెద్దమ్మ పక్కన పడుకుని అన్నట్టు, తరువాత ఏమైందో చెప్పమన్నట్టు. ఆయన చదువుతూ పోయాడు. జుట్టు మీద తిట్లు వచ్చిన చోట ఊఁలోకి నవ్వు దూరింది. తాతగారి గడియారం ఇక నడవదని తేలిన చోట ఊఁ సగంలో విరిగింది. పన్నెండు ఊఁలయ్యాయి, ఇరవై అయ్యాయి. అద్దం అవతల డైరెక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

ముప్పై మూడో ఊఁ అయ్యాక ‘టక్’మంది. తెర ఆగిపోయింది. ఇంజనీరు తల పట్టుకున్నాడు.

“బాబాయ్! ఆపొద్దన్నాను కదా!”

తెర మీద వాన. దుకాణంలో గోడనిండా గడియారాలు. ఆగేముందే అవి ఒక్కోటీ ఒక్కో క్షణం తేడాతో ఐదు కొట్టాయి, ఆ మోత అలలాగా గది చివరిదాకా పోయింది.

“పుస్తకంలో ఇది ఒక్క వాక్యం,” అన్నాడు బాబాయ్. “వీళ్ళు దీనికి ఒకటిన్నర నిమిషం ఇచ్చారు. ఇది మొదటిసారి చదివి పదేళ్ళయింది, నాకెప్పుడూ ఇలా వినపడలేదు. బాగా తీశారు. అది చెప్దామని ఆపాను.”

 డైరెక్టరమ్మే వంగి స్పేస్ బార్ నొక్కింది.

సాయంత్రం నాలుగింటికి నలభై ఒకటోది అయింది. డైరెక్టరమ్మ అన్నీ వరసగా వినిపించుకుంది. రెండుసార్లు విన్నది. తరువాత నా వైపు తిరిగి, “ముప్పై ఎనిమిదోది ముప్పావు సెకను కూడా లేదు. దాంట్లో ఏం పెట్టావు?” అంది.

“పదకొండు పేజీలు,” అన్నాను.

“పంపించెయ్,” అంది ఇంజనీరుతో. ఆ పిల్ల నాదయిపోయింది. ఆ పన్నెండు ఎపిసోడ్లూ నా గొంతుతోనే వెళ్ళాయి. ఒక ప్రేక్షకురాలు ఆ పిల్ల ఊఁ అన్నప్పుడల్లా ఇంకేదో వినపడుతోందని ఉత్తరం రాసింది. దాన్ని డైరెక్టరమ్మ అద్దం మీద అంటించింది.

బాబాయ్ గొంతు మాత్రం పోయింది. ఆరు గంటలు ఏకబిగిన చదివితే పోదూ! డాక్టరు చూసి పది రోజులు పెదవి కదపొద్దన్నాడట. శనివారం పొద్దున ఆయన మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. నేను థాంక్స్ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, సొరుగులోంచి ఒక పొత్తం తీసి నా చేతిలో పెట్టాడు. అట్ట మీద ‘పాలసీసాలు దించే ఆవిడ, ఆరో ఎపిసోడు’ అని ఉంది. నేను ఊఁ అనేలోపు దగ్గరికి వంగి, గాలే తప్ప గొంతు లేని గొంతుతో, ఆ పది రోజుల మౌనానికి ముందు నాతో ఆఖరిసారి మాట్లాడాడు:

“కొత్తమ్మాయి వస్తోంది, ఒక్కటే డైలాగు. భయంభయంగా ఉంటుంది, తనకి నువ్వు చదివిపెట్టు. మొదటినుంచి మొదలుపెట్టకు. ముందు ఐదో పేజీ చదువు, అక్కడ నవ్వొస్తుంది.”