లక్షా నలభై నాలుగు వేలలో తమ్ముడి చోటు

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే మా బూర్గంపాడు వైపు ఊళ్లన్నీ బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవిబాట పట్టేవి. కోసిన ఆకును కట్టలు కట్టి, ఆకు కొనే కల్లానికి తీసుకుపోతే, గుమస్తా వాటిని వరసలుగా పేర్పించి లెక్క చూసేవాడు. కోటా నిండిందంటే ఇక అంతే. ఆ తర్వాత ఎంత మంచి ఆకు తెచ్చినా వెనక్కి పంపేవాడు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, మా తాటాకు మందిరంలో పాస్టరు అయ్యగారు బైబిలు చివరి గ్రంథం తీసి, పరలోకానికి దేవుని ముద్ర పొందినవారి సంఖ్య గురించి చెప్పారు. గోత్రానికి పన్నెండు వేల చొప్పున ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలు, మొత్తం లక్షా నలభై నాలుగు వేలు. నాకు వెంటనే కల్లం గుర్తొచ్చింది. పరలోకానికీ కోటా ఉందన్నమాట. అమ్మా నాన్నల పేర్లు ఎప్పుడో ఆ లెక్కలో చేరిపోయి ఉంటాయి. ఉయ్యాలలో ఉన్న మా తమ్ముడు నిన్నగాక మొన్న పుట్టినవాడు. వాడి వంతు వచ్చేసరికి నిండిపోతే?

అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే, మాకు ఆదివారపు బడి చెప్పే మా పెద్దమ్మ సంగతి రాబట్టింది. ఆమె నవ్వలేదు.

“గట్లనా. అయితే ఆ లెక్క ఎట్లాంటిదో చూద్దాం పా,” అని వాకిట్లో ఇసుక పరిచి, చేతికి పుల్ల ఇచ్చింది.

రెండుతో భాగించాను, పోయింది. మూడుతో పోయింది. నాలుగు, ఐదు, ఆరు, అన్నిటితోనూ మిగలకుండా పోయింది. ఏడుపు ఎటుపోయిందో, వాకిట్లో చోటు చాలక ఇసుకను అరుగు మీదికీ పరిచాను. ఎనిమిదితో పద్దెనిమిది వేలు, తొమ్మిదితో పదహారు వేలు. అంత పెద్ద సంఖ్య ఎటు విరిచినా తునక రాలకుండా విరుగుతుంటే ఒళ్లు పులకరించింది.

“ఏడును ఎందుకు దాటేసినవే?” అంది పెద్దమ్మ.

కష్టమని దాటేశాను. ఇప్పుడు చేస్తే మూడు మిగిలింది. ఎన్నిసార్లు చేసినా మూడే. మిగిలిపోయేవాళ్లు ఉన్నారన్నమాట.

“మూడు మిగిలింది పెద్దమ్మా. తమ్ముడు ఆ ముగ్గురిలనే ఉన్నడేమో.”

“అయ్యగారు ఆగినకాడ నువ్వు ఆగినవ్. వాక్యం ఆగలే. దాని కింద ఏముందో చదువు,” అని బైబిలు తెరిచి ఇచ్చింది.

చదివాను. ఆ లెక్క ముగిసిన వెంటనే, అన్ని జనాల నుంచీ అన్ని భాషల నుంచీ వచ్చిన మరో గుంపు ఉంది. ఎవరూ లెక్కపెట్టలేనంత పెద్ద గుంపు.

“ఇగ దీన్ని ఏడుతోని భాగించు.”

“ఎట్ల భాగించాలె? అంకెనే లేదు గదా.”

“మరి శేషం ఏడికెల్లి వస్తదే పిచ్చిదానా?”

పుల్ల అక్కడే పడేసి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాను. నిద్రపోతున్న వాణ్ణి లేపి మరీ ఆ కబురు చెప్పాను. వాడు ఊరంతా వినేలా ఏడ్చాడు. అమ్మ నన్ను తిట్టింది. ఆ తిట్లు కూడా తియ్యగా ఉన్నాయి.

అప్పటినుంచి దేవుడు లెక్క తెలిసినవాడనీ, లెక్కకు లోబడనివాడనీ నమ్ముతూ వచ్చాను. ఈనాటికీ ప్రార్థన మొదలయ్యాక ఎవరైనా వచ్చి గుమ్మంలో తటపటాయిస్తుంటే, నేను చాప మీద జరిగి చోటిస్తాను. నిండిపోయిందన్న మాట మాత్రం నా నోట రాదు.